దుప్పటి వెనక గొంతు

మా నాటక సమాజంలో పాత్ర కావాలనుకున్న మనిషి దుప్పటి వెనక నిలబడి చదవాలి. ముఖం కనిపించకూడదు, పేరు చెప్పకూడదు, చెప్పులు గుమ్మం బయటే విప్పి రావాలి. మా రేవు చిన్నది. ఇక్కడ చెప్పుల చప్పుడు వింటే చాలు, వచ్చింది ఎవరో, వాళ్లకి ఎవరితో మాటల్లేవో కూడా చెప్పేస్తారు. చాలా ఏళ్ల కిందట మా నాటకాలు ఆడించే సీ బహ్రీ పెళ్లికూతురి వేషాన్ని తన మరదలికి ఇచ్చారని రెండు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాయి. ఊళ్లో మంగలి ఒక్కడే కాబట్టి ఆ రెండిళ్ల మగవాళ్లు వేరువేరు రోజుల్లో గడ్డం గీయించుకునేవాళ్లు. ఆ ఏడు నాటకం ఆడనేలేదు. మరుసటి ఏడు సీ బహ్రీ, "ఇక నేను వేషాలు గొంతులకిస్తాను, మనుషులకి కాదు" అని తాడు కట్టించారు.

ఆ తాడు మీద వేసే దుప్పటి మా ఇంటిది. మొదటిసారి ఎవరూ తేకపోతే నేను తెచ్చాను. అప్పటినుంచి అది నా పని అయిపోయింది. తెల్లటి నూలు దుప్పటి. ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చ ఉంటుంది. పెళ్లైన కొత్తలో దాన్ని కాల్చింది నా భర్త శాదలీ. బీరువాలో బట్టల మధ్య నేను ఎండిన నారింజ తొక్కలు పెడతాను. శాదలీ రేవులో పడవలు చేసే వడ్రంగి కాబట్టి, ఎన్నిసార్లు ఉతికినా మా ఇంట్లో ప్రతి గుడ్డకీ కొంచెం జిగురు వాసన అంటుకునే ఉంటుంది. నారింజ తొక్క, కలప జిగురు. మా ఇల్లంటే నాకు ఆ రెండు వాసనలే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

వినేవాళ్లం ముగ్గురం. నాటకాలు తనే రాసి తనే ఆడించే సీ బహ్రీ ఒకరు. ఒకప్పుడు బడి పంతులు, ఇప్పటికీ చేతిలో సుద్దముక్క ఉన్నట్టే మాట్లాడతారు. రెండోది వేషాలు కుట్టే లల్లా మన్నూబియా. ఆవిడకి కుడి చెవి సరిగ్గా వినిపించదు. "నేను కడుపుతో వింటాను" అంటుంది. మూడోది నేను. నన్ను పెట్టుకుంది నా చెవుల కోసం. ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసే గదిలో పని చేస్తాను. చెవులకి తొడుగులు పెట్టి, "వినిపించగానే చెయ్యి ఎత్తండి" అంటాను. మనుషులు వినిపించనిదానికి కూడా చెయ్యి ఎత్తుతారు, వినాలని అంత ఆశపడతారు. ఆ పొరపాటు నేను మాత్రం చెయ్యననుకునేదాన్ని.

ఈ ఏటి నాటకం ఒక దీపస్తంభం కాపలావాడి కథ. ముసలివాడు. పడవలు రావడం మానేసిన రేవులో రోజూ దీపం వెలిగిస్తాడు. సముద్రంతో, వత్తితో, తనతో తను మాట్లాడుకుంటాడు. మిగతా పాత్రలన్నీ వచ్చి పోయేవే. నాటకమంతా అతనే.

శాదలీకి ఆ పాత్ర కావాలని నాకు వేసవి చివర్లో తెలిసింది. అతను చెప్పలేదు. భోజనం దగ్గర పెదవులు కదిలేవి. స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏదో గొణిగేవాడు, నేను తలుపు దాకా వస్తే కొళాయీ ఆగిపోయేది, గొణుగుడూ ఆగిపోయేది. తేనె సీసా తొందరగా ఖాళీ అవుతోంది.

"ఏంటి, లోపల ఎవరితో మాటలు?"

"ఏం లేదు. కొలతలు లెక్కేసుకుంటున్నా."

అంతకంటే అడగలేదు. మా సమాజానికి సెట్టింగులన్నీ చేసేది అతనే. రాజమందిరాల తలుపులు, జైలు తలుపులు, హమ్మాం స్నానశాలల తలుపులు. ఎప్పుడో ఒక సాయంత్రం కీలు బిగిస్తూ నవ్వుతూ అన్నాడు: "తలుపులు నేను చేస్తాను, వాటిలోంచి వాళ్లొస్తారు." నేనూ నవ్వాను. కొన్ని మాటలు అన్నప్పుడు వినిపించవు. ఏళ్ల తర్వాత, ఉల్లిపాయ తరుగుతున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో వినిపిస్తాయి. అతని పెదవులు కదలడం చూసినప్పుడు ఆ మాట నాకు మొదటిసారి వినిపించింది.

నాకు ఎందుకు చెప్పలేదో కూడా అర్థమైంది. చెబితే, వేషం వచ్చినా "భార్య ఇప్పించింది" అంటారు. తను చేసిన తలుపులోంచి ఒక్కసారి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రావాలనుకున్నాడు. కాబట్టి నేను తెలియనట్టే ఉన్నాను. కాపురంలో తెలియనట్టు ఉండడం ఒక పని. రోజూ చెయ్యాలి, వంటలాగే.

గొంతులు వినే రోజు శనివారం. ఆ మధ్యాహ్నం చేపలు తింటూ, ముల్లు తీసినంత జాగ్రత్తగా అన్నాడు: "నువ్వు వెళ్లు. నాకు రేవులో పనుంది. ఒక పడవకి అడుగుపలక ఊడింది."

"సరే" అన్నాను. గడ్డం కొత్తగా గీసుకుని ఉంది. అడుగుపలక కోసం ఎవరూ గడ్డం గీసుకోరు.

* * *

మా సమాజం ఉండేది పాత సార్డీన్ల గిడ్డంగిలో. గాలిలో తేమ పెరిగితే గోడలు ఇంకా చేప వాసన వేస్తాయి. తాడు కట్టి దుప్పటి వేశాం. బల్ల మీద పళ్లెంలో కాఫీ గిన్నెలు, ఒక్కో గొంతుకి ఒక్కటి, వరసలో. మా ముగ్గురి దగ్గరా తలా ఒక ఎండు చిక్కుడుగింజ. అందరూ చదివాక ఒక్కొక్కరం వెళ్లి, మిగతా ఇద్దరూ గోడవైపు తిరిగి ఉండగా, నచ్చిన గొంతు గిన్నెలో గింజ వేస్తాం. చదవవలసిన ముక్క అందరికీ ఒక్కటే:

"ఇవాళ కూడా ఏ పడవా రాలేదు. సరే. దీపం పడవల కోసమేనని ఎవరన్నారు? నూనె ఉంది. వత్తి ఉంది. నేనున్నాను."

మొదటి గొంతు ఎవరిదో మాకు మొదటి మాటకే తెలిసిపోయింది. ఆ మంగలి తప్ప సముద్రాన్ని అంత మర్యాదగా "కొంచెం ఇటు తిరగండి" అన్నట్టు ఇంకెవరు పలకరిస్తారు?

"సముద్రానికి గడ్డం గీస్తున్నాడే" అంది మన్నూబియా, గుసగుస అనుకుని, గిడ్డంగి అంతా వినేలా. దుప్పటి వెనక దగ్గు వినిపించింది.

"నిశ్శబ్దం, లల్లా" అన్నారు సీ బహ్రీ.

రెండో మనిషి వచ్చిన చప్పుడే కాలేదు. దుప్పటి ఒక్కసారి లోపలికి పీల్చుకున్నట్టు కదిలింది, అంతే. తర్వాత కొంతసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలోంచి, మధ్యలో ఎక్కడో మొదలైనట్టు, ఒక గొంతు మాట్లాడడం మొదలుపెట్టింది. తగ్గు గొంతు. మాకు వినిపించాలన్న ఆత్రం లేదు. గదిలో ఒక్కడే ఉండి, చేస్తున్న పని ఆపకుండా, చేతులతో మాట్లాడుకుంటున్న మనిషి గొంతు. "సరే" అన్నాడు. ఆ సరేలో ఏడుపు లేదు, ధైర్యం కూడా లేదు. రోజూ ఒకే కుర్చీలో కూర్చునేవాడు కుర్చీలో కూర్చున్నట్టు ఉంది. "నేనున్నాను" అన్నప్పుడు గొప్పగా అనలేదు. నూనె, వత్తి పక్కన తననీ ఒక సామానుగా లెక్కేసుకున్నాడు.

నా చేతిలో గింజ ఉన్న సంగతి మర్చిపోయాను.

ఎవరతను? పక్క ఊరి నుంచి ఎవరైనా వచ్చారా? ఎలా బతుకుతాడు, ఎవరితో తింటాడు, ఎవరి ముందు ఇలా మాట్లాడతాడు? ఆ ప్రశ్నలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. వాటి వెనక ఒక వేడి నా మెడ మీదుగా చెవుల దాకా పాకింది. యాభై దాటిన ఆడదాన్ని, నా భర్త చదవడానికి రాబోతున్న గదిలో కూర్చుని, దుప్పటి వెనకున్న పరాయి మనిషి గొంతుకి ఎర్రబడ్డాను. సిగ్గేసింది. ఆ సిగ్గు నాకు మంచి చేసి ఉండాల్సింది, చెయ్యలేదు.

మూడో మనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఆ శబ్దం నాకు తెలుసు. ప్రతి సాయంత్రం మా వీధి గుమ్మం దగ్గర అదే వినిపిస్తుంది: రెండుసార్లు, మధ్యలో చిన్న విరామం. అప్పుడే దుప్పటి కదిలి నారింజ తొక్క వాసన, జిగురు వాసన వచ్చాయి. శాదలీ వచ్చాడనుకున్నాను. ఆ వాసన నేనే ఇంటినుంచి మోసుకొచ్చానని, ఆ దుప్పటి వెనక ఎవరు నిలబడినా మా ఇంటి వాసనే వేస్తారని నాకు తట్టలేదు.

పాపం, ఎంత ఘోరంగా చదివాడు! "ఇవాళ కూడా" దగ్గర తడబడ్డాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చివరి బస్సు వెళ్లిపోతున్నట్టు పరుగెత్తాడు. "నేనున్నాను" అనేసరికి గొంతు చీలి, ఎవరో కాలు తొక్కినట్టు అరిచాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేసవంతా కొళాయి కింద దాచుకున్న గొంతు ఇదేనా! ఇంత ఆశకి ఇంత తక్కువ గొంతా! దగ్గరికి వెళ్లి వీపు నిమరాలనిపించింది.

నాలుగోవాడు సగంలో నవ్వొచ్చి ఆగిపోయాడు. "క్షమించండి, నా వల్ల కాదు" అని వరసలో వెనక్కి జరిగాడు.

నేను లేచి పళ్లెం దగ్గరికి వెళ్లాను. నిజాయితీగా ఉంటానని ఏటా రొట్టె మీద చెయ్యి వేసి మాట ఇస్తాం. రెండో గిన్నె మీద నా చెయ్యి ఆగింది. వెంటనే, ఆ మెడ మీది వేడి గుర్తొచ్చి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాను. పరాయివాడి గొంతుకి కరిగినందుకు జరిమానా కట్టుకుంటున్నట్టు గింజని మూడో గిన్నెలో వేశాను. తప్పు చేస్తున్నానని తెలుసు. అతని కోసం చేస్తున్నాను కదా అనుకున్నాను. మనసు ఇలాంటి పనుల్లో చాలా చురుగ్గా ఉంటుంది, రెండు తప్పులని కలిపి ఒక త్యాగం కుట్టేస్తుంది.

మూడో గిన్నెలో రెండు గింజలు. రెండో గిన్నెలో ఒకటి.

"ఇదేం చోద్యం!" అంది మన్నూబియా. "నా కడుపు రెండోవాడికే వేసింది. దాచేదేముంది? మీ ఇద్దరికీ చెవుల్లో మైనం పోశారా?"

"లల్లా! రహస్యం!"

"రహస్యం నీ దగ్గర పెట్టుకో, పంతులూ."

దుప్పటి నాది కాబట్టి లాగేది నేనే. లాగాను. నలుగురు మగవాళ్లు ఉత్త కాళ్లతో, హమ్మాంలో తప్పిపోయినవాళ్లలా నిలబడి ఉన్నారు. మంగలి. రెండో చోట శాదలీ. మూడో చోట తపాలా కార్యాలయంలో పనిచేసే ఖమైస్, మా సందులోనే నీలం తలుపు ఇంట్లో ఉంటాడు. చివర, ఇంకా నవ్వాపుకుంటూ, ఖమైస్ బావమరిది.

రెండో చోట శాదలీ.

నేను వాళ్లని ఎడమ నుంచి లెక్కపెట్టాను. తర్వాత కుడి నుంచి లెక్కపెట్టాను.

"మూడో గొంతు" అని సీ బహ్రీ ప్రకటించగానే ఖమైస్ అక్కడే కూలబడ్డాడు. లేపితే అందరినీ పట్టుకుని ముద్దులు పెట్టాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి మంచులో పెట్టిన చేపలా ఉంది.

"అక్కా, నిజమేనా? నేనేనా? మా ఆవిడ దూజా పోరు పడలేక వచ్చాను గానీ... అన్ని మాటలు ఉంటాయా, అక్కా, ఆ పాత్రకి? పేజీలు పేజీలు ఉంటాయా?"

"ఉంటాయి, ఖమైస్."

"అల్లా!" అన్నాడు. అది సంతోషమో భయమో నా చెవులు చెప్పలేకపోయాయి. ఆ రోజు అవి చెప్పినవాటిని నమ్మే స్థితిలో కూడా నేను లేను.

ఖమైస్‌ని అందరికంటే ముందు కౌగిలించుకున్నది శాదలీ. "శభాష్‌రా! స్తంభం నీకు మంచి మెట్లతో చేస్తాను, జారవు" అన్నాడు.

సీ బహ్రీ నా పక్కకి జరిగి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, నా గింజ మూడో గిన్నెలో ఎందుకు వేశానో తెలుసా? వాడి గిన్నె ఖాళీగా ఉంటే బాధపడతాడని. మీరిద్దరూ ఎలాగూ రెండో గొంతుకే వేస్తారనుకున్నాను కదా! నీకేమొచ్చింది?"

నేను దుప్పటి దులిపాను.

దుప్పటి మడతపెట్టడానికి శాదలీ రెండో కొస పట్టుకున్నాడు. ఇంట్లో ఎలా చేస్తామో అలాగే, ఒకరికొకరు ఎదురుగా నడిచి మూలలు కలిపాం. మూడో మడతకి అతని వేళ్లు నా వేళ్లకి తగిలాయి. నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు:

"నన్ను గుర్తుపట్టావా?"

* * *

రేవు గట్టు మీదుగా ఇంటికి నడిచాం. దుప్పటి నా చంకలో ఉంది. శాదలీ పొద్దుతిరుగుడు గింజల పొట్లం కొన్నాడు. గింజలు కొరుకుతూ నడిస్తే మాట్లాడకపోవడం తప్పుగా కనిపించదు.

మన్నూబియా గట్టిగా అరిచింది కాబట్టి, రెండో గొంతుకి గింజ వెయ్యనివాళ్లలో నేనొకదాన్నని అతనికి తెలుసు. ఇక నా దగ్గర మూడు జవాబులున్నాయి. గుర్తుపట్టానంటే, తెలిసి తెలిసీ నిన్ను కాదన్నానని. గుర్తుపట్టలేదంటే, ఇన్నేళ్లు ఎవరి పక్కన పడుకున్నావని. మూడోది నిజం. అది అన్నిటికంటే అవమానకరం. మొదటి రెండిటినీ ఎలా అనాలో మనసులో చాలాసార్లు అని చూసుకున్నాను. నేనూ ఆ సాయంత్రం ఒక పాత్రకి చదువుతున్నట్టే ఉంది. ఏ వాక్యమూ నా గొంతులో నిలబడలేదు.

"శాదలీ, నువ్వు చదవబోతున్నావని నాకు తెలుసు."

"తెలుసా?"

"తేనె సీసా."

"ఓహ్" అన్నాడు. పొట్టు ఉమ్మాడు. "మరి?"

"ఖమైస్ గొంతు విని నువ్వే అనుకున్నాను. నీ కోసమనే వేశాను."

నడక ఆగింది. వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన మావైపు చూసి మళ్లీ తన పనిలో పడ్డాడు.

"ఖమైసా?" అన్నాడు శాదలీ. "ఆ మేక అరుపు? అది నేనా?"

"రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నీలాగా."

"నేను గొంతు సవరించుకుంటానా?"

"రోజూ. గుమ్మం దగ్గర."

తనకి తెలియని తన అలవాటుని ఎవరో చేతిలో పెట్టినట్టు తిప్పి చూసుకున్నాడు. "అది నేనొచ్చానని నీకు తెలియడానికి" అన్నాడు చివరికి. "లోపల నువ్వు ఏ ఆలోచనలో ఉంటావో, ఉలిక్కిపడతావని. దుప్పటి వెనక ఎవరికి తెలియాలి? అక్కడ నేనొక్కణ్నే కదా."

ఇన్నేళ్లుగా నాకు తెలిసిన గొంతు నా దగ్గరికి వచ్చే గొంతు. నా గుమ్మం ముందు సవరించుకున్న గొంతు. నేను లేనప్పుడు అతనికి ఇంకొకటి ఉంది. ఉండదని నేనెందుకు అనుకున్నాను? నాకు లేదా?

"మేక అరుపు నాదనుకుని కూడా గింజ వేశావన్నమాట" అన్నాడు. నవ్వుతున్నాడు, కానీ నవ్వు ఒకవైపే ఉంది. "నేను చదివితే అలాగే ఉంటుందనుకున్నావు."

"అనుకున్నాను." అబద్ధం ఆడడానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

"సరే."

అదే సరే. కుర్చీలో కూర్చున్నట్టు.

"రెండో గొంతు గురించి అడగవా?" అన్నాను.

"చెప్పు."

"ఎవరో తెలుసుకోవాలనిపించింది."

"ఎంత?"

"సిగ్గుపడేంత. పెళ్లైనదాన్ని, ఇదేం బుద్ధి అనుకునేంత. అందుకే దానికి వెయ్యలేదు."

శాదలీ గింజలు కొరకడం ఆపేశాడు. దీపాల వెలుగులో అతని చెవులు ఎర్రబడడం చూశాను. పెళ్లినాడు కూడా అంత ఎర్రబడలేదు. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, నా చంకలోని దుప్పటిని తీసుకుని తను మోశాడు.

గుమ్మం దగ్గర అన్నాను: "రేపు సీ బహ్రీ దగ్గరికి వెళ్లి నిజం చెబుతాను. నా గింజ తప్పు గిన్నెలో పడిందని."

"వద్దు."

"నీది నీకు రావాలి."

"ఖమైస్ ముఖం చూశావా? వద్దు, రధియా. వదిలెయ్. నేను స్తంభం చేస్తాను, చాలు."

లోపలికి వస్తూ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎవరికి చెబుతున్నాడు, వచ్చానని? అప్పుడు అర్థమైంది. ఆ సవరింపులో నేనొచ్చాను అన్నది సగమే. అడ్డమైతే చెప్పు, పక్కకి జరుగుతాను అన్నది మిగతా సగం.

* * *

ఆదివారం పొద్దున దుప్పటి ఉతికి డాబా మీద ఆరేశాను. ఎండ బాగుంది. అవతల సందులో ఖమైస్ నీలం తలుపు కనిపిస్తోంది. శాదలీ కాఫీ గ్లాసుతో పైకి వచ్చాడు. దుప్పటికి అటువైపు అతను, ఇటువైపు నేను. గుడ్డ మీద అతని నీడ పడింది.

"ఒకసారి చదువు" అన్నాను.

"పిచ్చా? అటు పక్కింటివాళ్లు..."

"వాళ్లు ఇంకా లేవలేదు. నా కోసం."

అతను గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు. "ఇవాళ కూడా ఏ పడవా..." అన్నాడు. అది నాకు తెలిసిన శాదలీ. రొట్టె ఉందా, తాళం ఎక్కడ, వర్షం వచ్చేలా ఉంది అనే గొంతు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"రాదు" అన్నాడు. "నువ్వున్నావు కదా. నువ్వుంటే నేను నీతో మాట్లాడతాను. అది వేరే."

"మరి వెళ్తున్నా."

"ఎక్కడికి?"

"కిందికి. పప్పు నానబెట్టాలి."

చెప్పులు టపటపలాడిస్తూ మెట్లు దిగాను. మలుపు దాటాక ఆగి, చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చున్నాను. వంటింటి తలుపు తీసిన చప్పుడు అతనికి వినిపించలేదు కాబట్టి నేనిక్కడే ఉన్నానని అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు. మా ఇద్దరి మధ్య ఒక తడి దుప్పటి, ఒక మలుపు, ఒక చిన్న అబద్ధం. అవి చాలినట్టున్నాయి.

కాఫీ గ్లాసు గోడ మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని ఈసారి గుర్తుపట్టాను.

"ఇవాళ కూడా ఏ పడవా రాలేదు" అన్నాడు, గోడ మీద గీరుకుపోయిన సున్నంతో అంటున్నట్టు. "సరే. దీపం పడవల కోసమేనని ఎవరన్నారు?"

మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. ఇది నా భర్త గొంతు. నేను లేని ఇంట్లో ఇది ఇన్నేళ్లుగా తిరుగుతోంది. పడవల కింద, చెక్కపొట్టు మధ్య, నేను ఆసుపత్రిలో ఇతరుల చెవులు పరీక్షిస్తున్నప్పుడు ఇది తనతో తను మాట్లాడుకుంటోంది. నాకు ఈర్ష్య కలగాలి. కలగలేదు. అతను అక్కడ ఒంటరిగా లేడని, ఇంత మంచి మనిషి తోడున్నాడని ఊరటగా అనిపించింది.

"నూనె ఉంది. వత్తి ఉంది." చాలాసేపు ఆగాడు. "నేనున్నాను."

తర్వాత అడుగుల చప్పుడు. మెట్లు దిగుతూ మలుపు దగ్గర నన్ను చూశాడు. చెప్పులు నా ఒళ్లో ఉన్నాయి. పక్కకి జరిగాను. నన్ను దాటి రెండు మెట్లు దిగి, ఆగాడు.

"నాకు అది కావాలి" అన్నాడు, వెనక్కి తిరగకుండా. "వేషం. నాకు కావాలి, రధియా."

మా కాపురంలో అతని నోట 'నాకు కావాలి' అన్న మాట నేను విన్నది అదే మొదలు. రొట్టె కావాలన్నా "ఉందా?" అనేవాడు.

"సీ బహ్రీతో నేను..."

"నువ్వు కాదు. నేను. సీ బహ్రీని కాదు, ముందు ఖమైస్‌ని అడుగుతాను. ఇద్దరం మళ్లీ చదువుదామంటాను, ఎదురెదురుగా, దుప్పటి లేకుండా. వాడు కాదంటే కాదు. కానీ అడుగుతాను."

"ఇప్పుడేనా? చొక్కా అయినా వేసుకో."

చొక్కా వేసుకుని వెళ్లాడు. నేను డాబా మీదికి పరుగెత్తి, తడి దుప్పటి పక్కకి తొలగించి, గోడ మీదుగా వంగాను. సందులో నడుస్తున్నాడు, మరీ వేగంగా కాదు. నీలం తలుపు ముందు ఆగాడు. నేను వింటున్నాను. ఆసుపత్రిలో అన్నిటికంటే చిన్న శబ్దం కోసం కూడా ఎవరూ అలా వినలేదు. ఇప్పుడు గొంతు సవరించుకుంటాడు. ఇప్పుడు.

సవరించుకోలేదు. పిడికిలితో తలుపు మీద కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. బనీనుతో, చెదిరిన జుట్టుతో, చేతిలో నాటకం కాగితాలతో ఖమైస్. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"శాదలీ!" అన్నాడు, సందంతా వినిపించేలా. "నిన్ను దేవుడే పంపాడు. నాలుగో పేజీ దాటలేకపోతున్నాను, అన్నా! దూజా, కాఫీ పెట్టు! లోపలికి రా, లోపలికి రా..."

శాదలీ ఆ తలుపులోంచి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు, విననక్కర్లేదు కూడా. దుప్పటి మళ్లీ సరిచేసి, మచ్చ ఉన్న మూలకి క్లిప్పు పెట్టాను.